ముయెను తీసేయవలెను

ఆ మంగళవారం పొద్దున రామ్మూర్తి వేసుకున్న ప్లాను చాలా చిన్నది. తొమ్మిదింటికి ఆఫీసుకి వెళ్లాలి, అక్కడి రోజుకూలీ ముయె ఇచ్చే టీ తాగాలి, ముయె పర్మనెంటు ఫైలు మీద సంతకం పెట్టి జగదల్‌పూర్ వెళ్లే టపా సంచిలో వేయాలి, ఒంటిగంటకల్లా ఇంటికొచ్చి భార్య నూకాలమ్మ వండే ఎండుచేపల పులుసు తినాలి. ఇందులో అనుకున్నట్టు జరిగింది టీ ఒక్కటే. ఆ తాగిన టీ గురించి కూడా సాయంత్రానికి చాలా బాధపడాల్సి వచ్చింది.

కొండ మీంచి దిగిన ఇనప రాయిని కిరండూల్ యార్డులో వ్యాగన్లకెక్కించి విశాఖ రేవుకి పంపే ఒక ఆఫీసులో రామ్మూర్తి హెడ్ క్లర్కు. సొంతూరు బొబ్బిలి పక్క. ఇక్కడికొచ్చి పదిహేనేళ్లయింది. ఎర్రదుమ్ము అతని చొక్కాల్లోకీ ఫైళ్లలోకీ చివరికి నూకాలమ్మ ఉప్పు జాడీలోకీ దూరింది గానీ అతని స్వభావంలోకి మాత్రం ఏదీ దూరలేదు. కాగితం మీద లేనిదాన్ని అతను నమ్మడు. కాగితం మీద ఉన్నదాన్ని శంకించడు. ఈ రెండో గుణం వల్లే ఈ కథ.

ముయెది భేజ్జి అవతల పల్లె. దోర్లా తెగ మనిషి, నలభై దాటాయి. పదకొండేళ్లుగా ఆ ఆఫీసులో రోజుకూలీ. ఊడ్చేదీ, నీళ్లు మోసేదీ, టీ కాచేదీ, ఏసీ గదిలో కంప్యూటర్ మీద దుమ్ము తుడిచేదీ ఆమే. నెలాఖరు సోమవారంలోగా ఫైలు కదిలితే ఉద్యోగం పర్మనెంటు. కదలకపోతే జాబితా మూసేస్తారు, మళ్లీ ఎప్పుడు తెరుస్తారో తెరవాల్సినవాళ్లకే తెలియదు. వైద్య పరీక్ష కోసం ఆమె రక్తమూ ఎక్స్‌రే పటమూ పదిహేను రోజుల కిందటే విశాఖ పంపించారు. ఆ రిపోర్టు ఇంకా రాలేదు. ఫైలు మొదట్నుంచీ చివరిదాకా రామ్మూర్తే స్వయంగా మూడుసార్లు రాశాడు. ఎవరికోసమూ అంత రాయలేదతను. ముయె అంటే అతనికి అభిమానం, అది బయటికి చెప్పుకునే అలవాటు లేదు, అంతే.

ఇక కంప్యూటర్ సంగతి. ఆ ఆఫీసులో బీరువా అంత పాత కంప్యూటర్ ఒకటి ఉండేది. ఏ వ్యాగన్లో ఎన్ని టన్నులు ఎక్కిందో జాబితా కొట్టి ఇవ్వడం దాని పని. అది ముసలిదైపోయిందని, అందులో సగం ఉన్న కొత్తది తెప్పించారు. దాన్ని బిగించడానికి విశాఖ నుంచి జయరావనే కుర్ర ఇంజనీరు వచ్చాడు. రెండూ ఒకే వంశం మిషన్లనీ, పాత ప్రోగ్రాంలో ఒక్క అక్షరం కూడా మార్చకుండా కొత్తదాంట్లో నడిచిపోతుందనీ చెప్పాడు. కోడలు మారినా కుంపటి మారదని రామ్మూర్తి అర్థం చేసుకున్నాడు. తీరా శనివారం ఆ ప్రోగ్రాం ఉన్న పాత టేపు ఎక్కించేసరికి కొత్త మిషను ఒక్క లైను కొట్టి మొరాయించింది. జయరావు సాయంత్రందాకా దాని ముందు గడ్డం పట్టుకుని కూర్చున్నాడు. చీపురు పట్టుకుని నిలబడ్డ ముయె, "ఎర్ర దారం పలక దీంట్ల లేదేంది?" అంది. "కొంచెం పక్కకి జరుగమ్మా," అన్నాడు జయరావు. ఆదివారం పొద్దున పాసింజరెక్కి, విశాఖలో పుస్తకాలు చూసి కారణం ఫోన్లో చెబుతానని వెళ్లిపోయాడు.

మంగళవారం పదింటికి ఆ ఫోను వచ్చింది. ఎత్తింది పైడయ్య. ఆఫీసులో ఫోను సందేశాలు రాసుకునే ఉద్యోగం అతనిది. క్రషర్ దగ్గర పన్నెండేళ్లు పనిచేసి ఎడమ చెవి పోగొట్టుకుంటే, జాలిపడి కుర్చీ పని ఇచ్చారు. ఇచ్చినవాళ్లు అది ఫోను పక్క కుర్చీ అన్న సంగతి ఆలోచించలేదు. పైగా ఆ లైన్లో మాట కంటే గాలి ఎక్కువ వస్తుంది. కంప్యూటర్లో ఎమ్మెమ్యూ అనే భాగం గురించి అవతల జయరావు చెప్పింది ఇదీ: "కొత్త సిస్టంలో ఎమ్మెమ్యూ లేదు, లోపం అదే. పాతదాని ఎమ్మెమ్యూ వెంటనే ఊడదీసి, మనిషిని తోడిచ్చి రేపటి పాసింజరులో పంపండి. ఉత్త చేతుల్తో ముట్టుకోవద్దు. ప్లాస్టిక్‌లో చుట్టండి. తడి తగలనివ్వద్దు. ఇక్కడ మెమరీ పరీక్ష చేసి చెప్తాం."

"ఎవులు? ముయేనా?" అని గట్టిగా అడిగాడు పైడయ్య.

"అవును, అదే. ఎమ్మెమ్యూ," అన్నాడు జయరావు. లైను తెగిపోయింది.

ఐదు నిమిషాల్లో రామ్మూర్తి బల్ల మీదికి కాగితం వచ్చింది. "లోపం ముయె. పాత ముయెను వెంటనే తీసేయవలెను. మనిషిని తోడిచ్చి రేపటి పాసింజరులో విశాఖ పంపవలెను. ఉత్త చేతులతో ముట్టరాదు. ప్లాస్టిక్‌లో చుట్టవలెను. తడి తగలరాదు. మెమరీ పరీక్ష చేసి చెప్పబడును. ఇట్లు, విశాఖ."

రామ్మూర్తి మూడుసార్లు చదివాడు. ఎదురుగా ముయె ఇచ్చిన టీ గ్లాసు ఖాళీగా ఉంది.

"ఇట్లు విశాఖ ఏటి పైడయ్యా? విశాఖలో ఎవరు?"

"పేరు సెప్పినట్టే ఉన్నాడు గానండి, గాలొచ్చీసింది. మరేటుందండి మనకి విశాఖలో? పరీచ్చకి పంపించాం కదా, రిపోర్టు వొచ్చీసినట్టుంది."

సరిపోయింది. రక్తం విశాఖ వెళ్లింది, జవాబు విశాఖ నుంచి వచ్చింది. ఉత్త చేతులతో ముట్టకూడదంటే అంటురోగమే. మెమరీ పరీక్ష అన్నారంటే మెదడుకి ఎక్కేదే. పాత ముయె అనడం కూడా రామ్మూర్తికి వింతగా తోచలేదు. పదకొండేళ్ల మనిషిని పాత అనక ఏమంటారు? టీ గ్లాసుని వేలితో బల్ల చివరికి తోశాడు. తర్వాత కాగితం చెప్పినట్టు చేయడం మొదలుపెట్టాడు. మూడుసార్లు రాసిన ఫైల్లో నాలుగోసారి రాశాడు: "విశాఖ నుంచి వచ్చిన ఫోను సందేశం ప్రకారం, అంటురోగ కారణమున, ముయెను పనినుంచి తప్పించడమైనది." మధ్యలో రెండుసార్లు కలం కింద పెట్టాడు. అయినా అక్షరాలు గుండ్రంగానే వచ్చాయి. ఫైలు జగదల్‌పూర్ సంచిలో పడింది. పెద్ద ఆఫీసరు తివారీ సాబు ఆ వారమంతా అక్కడే మీటింగులో ఉన్నాడు.

డిస్పెన్సరీ నర్సు దేవుడమ్మకి కబురు వెళ్లింది. ఆమె రబ్బరు చేతి తొడుగులు పట్టుకుని వచ్చి కాగితం తిరగేసి చూసింది.

"రోగం పేరు రాయకుండా రిపోర్టేటి రామ్మూర్తిగారూ? ఇరవై యేళ్ల సర్వీసులో ఇలాటిది నాను సూడలేదు."

"పేరు పెట్టలేని రోగమేమోనమ్మా."

ఆ మాట అనకుండా ఉండాల్సింది. గుమ్మం దగ్గరున్న కూలీ ఒకడు విన్నాడు. పేరు లేని రోగం ఆఫీసు గుమ్మం దాటి తూకం దగ్గరికీ, అక్కణ్నుంచి లోడింగు దగ్గరికీ చేరేసరికి దానికి నాలుగు భాషల్లో నాలుగు పేర్లు వచ్చేశాయి. ముయె చేతి నీళ్లు తాగనివాడు యార్డులో లేడు. పన్నెండు గంటలకి డిస్పెన్సరీ ముందు డెబ్భై మంది నిలబడ్డారు. మతిమరుపు మొదలైందేమోనని, చుట్టాల పేర్లు గుర్తున్నాయా లేదా అని ఒకరినొకరు పరీక్షించుకుంటున్నారు. ఒకడికి వాళ్ల మామ పేరు గుర్తురాలేదు. వాడికి ఎప్పుడూ గుర్తుండదని వాడి తమ్ముడు చెప్పినా ఎవరూ వినలేదు. వ్యాగన్లు ఎక్కడివక్కడే ఆగాయి. ముయె ముట్టుకున్న చీటీలని గూడ్సు గార్డు ఇడ్లీ హోటల్నుంచి పట్టకారు తెప్పించి దాంతో అందుకున్నాడు. రామ్మూర్తి ఇంట్లో నూకాలమ్మ, ముయె తెచ్చిన చింతపండుతో పెట్టిన రెండు జాడీల పచ్చడి పెంటమీద పోసి, జాడీలు బొగ్గుల పొడితో తోమింది. చేపల పులుసులోనూ ఆ చింతపండే పడిందని గుర్తొచ్చి దాన్నీ పారబోసింది. రామ్మూర్తి ఆ మధ్యాహ్నం మజ్జిగన్నంతో సరిపెట్టుకున్నాడు.

ఇంత జరుగుతుంటే ముయె మాత్రం ఆఫీసు వెనక వేపచెట్టు కింద ఒక్కతే కూర్చుని ఉంది. రామ్మూర్తి నాలుగు బారల దూరంలో నిలబడి కాగితం చదివి వినిపించాడు.

"నాకేం కాలే సారూ. జొరం లేదు, దగ్గు లేదు."

"ఉన్నా తెలిసేది కాదట ముయే. మెమరీ పరీక్ష చేస్తారట. రేపు దేవుడమ్మ తోడొస్తాది."

ముయె కొంగుకి చేతులు తుడుచుకుంది. "నా కాయితం?" అంది.

రామ్మూర్తి చేతిలో కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఆ సాయంత్రం బజారుకెళ్లి, ప్లాస్టిక్‌లో చుట్టవలెనన్న మాటకి న్యాయం చేస్తూ, సొంత డబ్బుతో పసుప్పచ్చటి రైన్‌కోటు ఒకటి కొన్నాడు. ఎండ నిప్పులు చెరుగుతున్న రోజుల్లో రైన్‌కోటు అడిగినవాణ్ని కొట్టువాడు తేరిపార చూసి, నీళ్లు తాగారా అని మాత్రం అడిగాడు.

బుధవారం పొద్దున పాసింజరులో పసుపు రైన్‌కోటు తొడుక్కున్న ముయె, చేతులకి రబ్బరు తొడుగులేసుకున్న దేవుడమ్మ ఎక్కారు. పెట్టెలో వాళ్ల చుట్టూ ఆరు సీట్లు ఖాళీ అయ్యాయి. కొత్తవలస దాకా ఇద్దరూ హాయిగా పడుకుని వెళ్లారు. ఆ రోగం వల్ల ఎవరికైనా లాభం కలిగిందంటే అది ఇదే.

విశాఖ స్టేషన్లో జయరావు ఆ ఎమ్మెమ్యూ బోర్డు కోసం వచ్చాడు. పెట్టెలన్నీ వెతికి, కిరండూల్ నుంచి వచ్చినవాళ్లెవరని కేకేశాడు. దేవుడమ్మ చెయ్యెత్తింది.

"తెచ్చారా? ఏదీ ఎమ్మెమ్యూ?"

"ఇదిగో. ముయె," అంది దేవుడమ్మ, రైన్‌కోటు చూపించి. "ముట్టుకోకండి బాబూ, మీరే సెప్పారు కదా."

జయరావు ఆ పసుపు రైన్‌కోటుని పైనుంచి కిందికి చూశాడు. ఏం జరిగిందో అర్థమయ్యాక ప్లాట్‌ఫారం బెంచీ మీద కూలబడ్డాడు. తను పంపమన్నది మనిషిని కాదు, కంప్యూటర్లో ముక్కని అని చెప్పాడు. దేవుడమ్మ మాత్రం ముందు తొడుగులు విప్పి ముయె చెయ్యి పట్టుకుంది. "నాను అనుకుంతానే ఉన్నాను," అంది. అనుకున్నదాని తీరు ఆ తొడుగుల్ని చూస్తే తెలుస్తూనే ఉంది.

ఆ పూట వాళ్లు దేవుడమ్మ చెల్లెలింట్లో దిగారు. గురువారం పొద్దున జయరావు ఆఫీసుకెళ్తే, అతను బీరువాలోంచి అరచెయ్యంత వెడల్పు, మూరెడు పొడుగు ఉన్న పచ్చటి పలక తీసి చూపించాడు. అంచున బంగారు రంగు పళ్లు వరసగా ఉన్నాయి. ఇది వేరే మోడలుది, మీ మిషనుకి సరిపడదుగానీ చూడ్డానికి ఇలాగే ఉంటుందన్నాడు.

"రైల్లో టీటీ ఉంటాడు కదమ్మా, అలాంటిదిది. ప్రోగ్రాం పదో నంబరు బెర్తు కావాలంటుంది. ఏ పెట్టెలో పదో నంబరో దీనికే తెలుసు. పాత మిషన్లో ఈ టీటీ ఉన్నాడు. కొత్తది చవకరకం, అందులో టీటీ లేడు. అందుకే అందరూ వెళ్లి ఒకే బెర్తు మీద కూర్చుంటున్నారు. బండి కదలట్లేదు."

ముయె పలకని వంగి చూసింది, ముట్టుకోలేదు. "ఇది ఎర్ర దారం పలకే," అంది. "పాతది ఆగినప్పుడల్లా ముందల ఇంజనీరు సారు దీన్నే గుంజి, దీని పళ్లు రబ్బరుతోటి తోమి, మల్ల పెడుతుండె. గుర్తుకి దారం కట్టిండు. సారు పోయినంక నేనే తోముతున్న. దీంట్ల లేదని మీకు శనివారమే చెప్పిన."

జయరావు పలకని బల్ల మీద పెట్టేశాడు. చెప్పిందనీ, పక్కకి జరగమన్నాననీ అతనికి గుర్తుంది. ఆ రోజు మెమరీ పరీక్షలో నెగ్గింది ఎవరో వేరే చెప్పనక్కర్లేదు.

ఇక ఫోను జోలికి పోకుండా రామ్మూర్తికి ఉత్తరం రాశాడు. బోర్డు విశాఖ పంపనక్కర్లేదు, ముయెగారే పాతదాంట్లోంచి తీసి కొత్తదాంట్లో పెడతారు, రెండ్రోజులు నడిపి జాబితాలు పంపితే సరిచూసి సోమవారం చెబుతాను అని. ఒంట్లో కరెంటు తగిలితే ఆ పలక పాడవుతుందనీ, అందుకే ఉత్త చేత్తో ముట్టుకోవద్దన్నాననీ వివరించాడు. దేవుడమ్మ తొడుగుల జత ముయెకి ఇచ్చేసింది.

శుక్రవారం సాయంత్రం కిరండూల్ ప్లాట్‌ఫారం మీద రామ్మూర్తి ఆ ఉత్తరం చదువుకున్నాడు. రెండోసారి చదవలేదు, అవసరం లేకపోయింది. ముయె రైన్‌కోటు మడిచి చంకలో పెట్టుకుని నిలబడి ఉంది.

"నీకు రోగమని నా చేత్తో రాశాను ముయే," అన్నాడు.

"సదువుకున్నోళ్లు గద సారూ. ఏదో సదివిండ్రు అనుకున్న." రైన్‌కోటు రెండో చంకలోకి మార్చుకుని అడిగింది. "నా కాయితం పోయిందా?"

రామ్మూర్తి తలూపాడు. పదిహేనేళ్లలో మొదటిసారి తన చేతిరాత మీద తనకి అసహ్యం వేసింది.

శనివారం పొద్దున ముయె తొడుగులేసుకుని పాత కంప్యూటర్ తలుపు తీసి, ఎర్ర దారం పలక రెండు చెవులూ పట్టుకుని, పిల్ల పాలపన్ను ఊడదీసినంత జాగ్రత్తగా లాగింది. పళ్లు తోమి కొత్తదాంట్లో దించింది, నాలుగు స్క్రూలూ విశాఖ సరే అన్నాక బిగించాలని పక్కన పెట్టింది. పైన ఎర్రదుమ్ము పడకుండా రైన్‌కోటు కప్పింది. రామ్మూర్తి మీట నొక్కాడు. కొత్త మిషను ఒక లైను కొట్టింది, రెండు కొట్టింది, ఆగకుండా యాభై ఎనిమిది వ్యాగన్ల జాబితా కొట్టింది. డెబ్భై మందీ వచ్చి ముయె చేతి టీ తాగారు. మామ పేరు మరిచిపోయినవాడు రెండు గ్లాసులు తాగాడు.

కంప్యూటర్ బాగుపడింది. ముయె ఫైలే బాగుపడలేదు. రామ్మూర్తి జగదల్‌పూర్‌కి ఫోను కలిపి, వచ్చిన హిందీలో, చేసిన పొరపాటంతా తివారీ సాబుకి చెప్పబోయాడు. ఆయన సగంలోనే అడ్డుపడ్డాడు.

"విశాఖ బోలా తో నికాలా. అబ్ విశాఖ బోలేగా తో రఖేంగే. బీచ్ మే తుమ్ కౌన్?"

విశాఖ తీసేయమంటే తీశాం, విశాఖ పెట్టమంటే పెడతాం, మధ్యలో నువ్వెవడివి అని. సోమవారం ఐదింటికి జాబితా మూస్తానని కూడా చెప్పి పెట్టేశాడు. అసలు వైద్య రిపోర్టు కోసం రామ్మూర్తి విశాఖ ఆస్పత్రికి మూడుసార్లు ఫోను చేశాడు. అది వచ్చే నెలలో వస్తుందన్నారు. ఆదివారం అతను అన్నం సరిగ్గా తినలేదు. పచ్చడి కూడా లేదు.

సోమవారం మధ్యాహ్నం తివారీ సాబు కిరండూల్ వచ్చి తన గదిలో కూర్చున్నాడు. మూడున్నరకి రైల్వే ఫోను మోగింది. లైన్లో జయరావు. గూడ్సు గార్డు చేత అందిన జాబితాలు సరిచూశాడు. పైడయ్య కుడిచెవికి ఫోను గట్టిగా అదుముకుని రాసుకుని, కాగితం తెచ్చి రామ్మూర్తి ముందు పెట్టాడు.

"ముయె సరిగ్గా ఉన్నది. పర్మనెంటుగా ఉంచవలెను. నాలుగు స్క్రూలూ బిగించవలెను. ఇకమీదట తీయరాదు. ఇట్లు, విశాఖ."

రామ్మూర్తి కాగితం వంకా, పైడయ్య వంకా చూశాడు.

"ఈసారి సరిగా విన్నావా పైడయ్యా?"

"ఇన్నానండి. ఎమ్మెమ్యూ అనే సెప్పాడు, శుబ్బరంగా ఇనబడింది. సెయ్యి అలవాటుకొద్దీ ముయె అని రాసీసింది. ఇలాగివ్వండి, దిద్దీస్తాను."

పైడయ్య కలం తీశాడు. రామ్మూర్తి కాగితం మీద అరచెయ్యి పెట్టాడు. పదిహేనేళ్ల ఉద్యోగంలో మొదటిసారి అతని ముందు శంకించాల్సిన కాగితం ఉంది. శంకించాడు. బాగా శంకించాక మడతలు సాపు చేసి ఫైల్లో పెట్టాడు.

"ఫోను సందేశంలో కొట్టివేతలు ఉండకూడదు పైడయ్యా. రూలు," అన్నాడు.

తివారీ సాబు కాగితం చదివి వినిపించమన్నాడు. పైడయ్య చదివాడు. తెలుగులో సాబుకి తెలిసిన ముక్కలు మూడే, ఆ మూడూ అందులో ఉన్నాయి. ముయె అనగానే తలూపాడు, పర్మనెంటు అనగానే కలం అందుకున్నాడు, స్క్రూ అనగానే ఆగాడు.

"యే స్క్రూ క్యా హై?"

"మతలబ్, టైట్ ఆర్డర్ హై సాబ్," అన్నాడు రామ్మూర్తి, గోడ వైపు చూస్తూ.

సాబు సంతకం పెట్టాడు. అప్పటికి నాలుగున్నర. గుమ్మంలో టీ గ్లాసులతో నిలబడ్డ ముయె, ముందు రామ్మూర్తికి ఇచ్చింది. అతను గ్లాసు అందుకుని తల వంచుకుని తాగాడు. కళ్లు తుడుచుకున్నాడు గానీ అది దుమ్మని పైడయ్యతో చెప్పాడు. మర్నాడు ముయె రెండు శేర్ల చింతపండు తెచ్చి నూకాలమ్మకిచ్చింది.

ఆ కాగితం ఇప్పటికీ ఫైల్లో భద్రంగా ఉంది. దాని ప్రకారం ముయెను ఉద్యోగంలోంచి తీయాలంటే ముందు నాలుగు స్క్రూలు విప్పాలి.